గెలాక్సీ బొమ్మ గీయడానికి తెల్ల కాగితమా, నల్ల కాగితమా: ఏది మేలు?

టెలిస్కోప్‌లో చూసిన గెలాక్సీని గీయాలంటే ఏ కాగితం కొనాలని చాలామంది అడుగుతున్నారు. నల్ల కాగితం మీద తెల్ల పెన్సిల్‌తో గీస్తే ఆకాశం ఉన్నది ఉన్నట్టే వస్తుంది కదా అంటారు. చంద్రుడికీ, నక్షత్ర గుచ్ఛాలకీ ఆ మాట నిజమే. మసక గెలాక్సీల దగ్గరికి వచ్చేసరికి నాకు తెల్ల కాగితమే మేలనిపిస్తుంది.

హైదరాబాద్‌లో డాబా మీద 8 అంగుళాల టెలిస్కోప్‌తో చూస్తే ఎం51 అనే సుడి గెలాక్సీ అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంటుంది, అదీ ఓరచూపుతో చూస్తేనే. 1845లో దాని సుడిని ఐర్లండ్ ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ గుర్తుపట్టి గీశాడంటే, ఆయన టెలిస్కోప్‌ది 72 అంగుళాల అద్దం. మనకు దొరికేవి రెండు మచ్చలు (అదీ, దాని తోడు గెలాక్సీ), వాటి అంచులు ఆకాశంలో కలిసిపోయే తీరు. గీయాల్సింది ఆ కలిసిపోవడాన్నే.

ఇక్కడ తేల్చేది, చీకటికి అలవాటైన చూపు చెడకుండా గీసేటప్పుడు వాడే మసక ఎర్ర లైటు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. లైటు పెంచితే మళ్లీ మొదటికొస్తుంది. అంత తక్కువ వెలుతురులో నల్ల కాగితం మీద పల్చగా రాసిన తెలుపు కంటికి ఆనదు. కనబడట్లేదని ఇంకాస్త నొక్కుతాం. పొద్దున చూస్తే గెలాక్సీ మనం చూసినదానికన్నా ఎంతో కాంతిగా ఉంటుంది. పైగా తెల్ల పెన్సిల్‌లో మైనం ఉంటుంది కాబట్టి సరిగా చెరగదు.

తెల్ల కాగితం మీద మామూలు పెన్సిల్ గీత చాలా మసక వెలుతురులోనూ తెలుస్తుంది. పెన్సిల్ పొడి అద్ది, ఇయర్‌బడ్‌తో అంచులకు రుద్దుకుంటూ పోవచ్చు. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కన్యారాశిలో ఎం104 అనే గెలాక్సీ బాగా పైకొస్తుంది. వికారాబాద్ వైపు చీకటి ఉన్నచోటికి వెళ్లి చూస్తే దాని నడుమ నల్ల చార పట్టొచ్చు. తెల్ల కాగితం మీద రబ్బరు మొనతో ఒక్కసారి లాగితే ఆ చార వచ్చేస్తుంది.

వెలుగున్న చోట ముదురుగా వేయాలి కాబట్టి మొదట్లో తికమకగానే ఉంటుంది, నాలుగైదు బొమ్మలకు చెయ్యి అలవాటు పడుతుంది. తర్వాత ఫొటో తీసి, ఫోన్‌లో నలుపుతెలుపులు తిరగేస్తే చాలు.

ట్యాబ్ మీద గీసేవాళ్లూ ఉన్నారు. ఎర్ర ఫిల్టర్ వేసినా దాని వెలుతురు ఎక్కువే. ఇంటికొచ్చాక ఫెయిర్ చేసుకోవడానికి పనికొస్తుంది.