హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి: ఏడుసార్లు వెళ్లొచ్చాక నా లెక్క

మా అమ్మాయి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. 2015 నుంచి ఏడుసార్లు వెళ్లొచ్చాను. మొదట్లో మా వారితో, తర్వాత ఒక్కదాన్నే. ఎక్కువగా దుబాయ్ మీదుగానే. కొత్తగా పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు "ఎన్ని గంటలు పడుతుందండీ?" అని అడుగుతుంటారు. టికెట్ మీద గంటలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దంటాను.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 4 గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కి 16. గాల్లో ఉండేది 20 గంటలే. కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి అమ్మాయి గడప తొక్కేదాకా లెక్కేస్తే 29. పోయిన వేసవిలో సాయంత్రం 5.30కి బయలుదేరితే, మర్నాడు అక్కడి టైమ్ మధ్యాహ్నం 12కి ఇల్లు చేరాను. అప్పుడు మనకి రాత్రి 10.30. వేసవిలో తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. ఒళ్లు హూనం చేసేది ఆ మిగతా 9 గంటలే. ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రయాణం, చెకిన్, రెండు దేశాల ఇమిగ్రేషన్ లైన్లు, మధ్యలో పడిగాపులు. సీట్లో ఉంటే కునుకైనా పడుతుంది.

దుబాయ్ మీదుగా అంటే చుట్టుదారి అని నేనూ అనుకునేదాన్ని. మా మనవడు గ్లోబు తెచ్చి, హైదరాబాద్ మీద దారం ఒక కొస నా వేలితో నొక్కిపట్టించి, రెండో కొస డల్లాస్ దాకా బిగించి లాగాడు. దారం యూరప్ వైపు పోనే లేదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళ్లింది! ఆ దారిన సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే 15,500. లండన్ మీదుగా వెళ్లినా ఇంచుమించు అంతే. అంత దూరంలో వెయ్యి కిలోమీటర్లు ఓ లెక్క కాదు. నేరుగా వెళ్లే విమానం ఎలాగూ లేదు కాబట్టి, మధ్యలో ఎంతసేపు ఆగుతామన్నదే చూసుకోవాలి.

ఆ సంగతి ఒకసారి దెబ్బతిని తెలుసుకున్నాను. టికెట్ చవగ్గా వచ్చిందని వేరే దారిలో వెళ్లాను. విమానం మారడానికి గంటంబావు టైమ్. మొదటి విమానమే గంట లేటు. మోకాళ్ల నొప్పితో ఆయాసపడుతూ గేటు దగ్గరికి వెళ్లేసరికి తలుపు వేసేశారు. మళ్లీ విమానం పదకొండు గంటల తర్వాత. బీపీ మాత్రలేమో చెకిన్ చేసిన పెట్టెలో ఉండిపోయాయి. ఫోన్‌లో అమ్మాయి ఏడుపు, ఇక్కడ నాకు టెన్షన్. అప్పట్నుంచీ మాత్రలు, డాక్టర్ రాసిచ్చిన చీటీతో సహా, చేతిసంచిలోనే. మధ్యలో రెండున్నర గంటలకి తక్కువుంటే ఆ టికెట్ వద్దంటాను. నాలుగు దాటితే నడుము పట్టేస్తుంది.

వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడకండి, టికెట్ తీసుకునేటప్పుడే చెప్పించండి. నడవగలిగినా సరే, ఆ లైన్లలో గంటల తరబడి నిలబడలేం. ఆవకాయ మాత్రం చెకిన్ పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీలో తీసేస్తారు, నూనె ఉంటుంది కదా. పదహారు గంటల్లో రెండు గంటలకోసారి లేచి నడవకపోతే పాదాలు వాచి చెప్పులు పట్టవు.

వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్‌కి 15 గంటల్లోపే వచ్చేస్తాం. గంట కలిసొచ్చినా, నిద్ర కుదురుకోవడానికి నాకు వారం పైనే పడుతుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాను. అప్పుడు వాళ్లకి సాయంత్రం. మనవడు బడి నుంచి వచ్చి ఉంటాడు కదా, వాడికే ఫోన్ చేస్తాను.