ఫాండెంట్ ఫ్రిల్స్‌కు స్టీల్ బాల్ టూల్: నాలుగేళ్ళు వాడాక

ఇంట్లో కేక్ ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఈ స్టీల్ బాల్ టూల్స్ (పిడి చివర నున్నటి గుండు ఉండే పనిముట్లు) సెట్టూ, దాంతోపాటు ఒక ఫోమ్ ప్యాడూ బేగంబజార్‌లో కొని నాలుగేళ్ళు దాటింది. రెండూ కలిపి రూ. 400 లోపే. ఫాండెంట్‌తో, అంటే పిండిలా ఒత్తి కేక్ మీద పరిచే చక్కెర ముద్దతో చేసిన ఫ్రిల్ (కుచ్చు) బోర్డర్లు ఉన్న కేక్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే వీటిని తీయని వారం ఉండదు.

అంతకుముందు ప్లాస్టిక్‌ది వాడేదాన్ని. దాని గుండు చుట్టూ, అచ్చు రెండు భాగాలు కలిసిన చోట, సన్నటి గీత ఒకటి ఉండేది. కంటికి ఆనదు. ఒక మిల్లీమీటరు మందాన ఒత్తిన ఫాండెంట్ మాత్రం ఆ గీత తగిలిన చోటల్లా చిరిగిపోయేది. నా చెయ్యి కుదరడం లేదనుకుని ఏడాదిపాటు బాధపడ్డాను. స్టీల్ గుండు చేతికొచ్చిన మొదటి రోజే చిరగడం ఆగిపోయింది.

ఫాండెంట్‌ను పట్టీలా కోసి, ఆ పట్టీని ప్యాడ్ మీద పరిచి, గుండు సగం అంచు మీద, సగం ప్యాడ్ మీద ఉండేలా పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ తోయాలి. ఒత్తిడికి అంచు పలచబడి సాగుతుంది. లోపలి భాగం సాగదు కాబట్టి, పెరిగిన పొడవంతా అలలా పైకి లేస్తుంది. గుండు మొత్తం పట్టీ మీదికి వస్తే గుంట పడుతుంది తప్ప అల రాదు. సెట్‌లో నాలుగు సైజులున్నా, నాకు బాగా పనికొచ్చేది రెండో పెద్దది.

అసలు కిటుకు మా పిన్ని దగ్గర దొరికింది. ఆవిడ పిల్లల ఫ్రాకులు కుడుతుంది. నేను తిన్నటి పట్టీలతో కుస్తీ పడుతుంటే చూసి, "అంబ్రెల్లా కట్‌లా గుండ్రంగా కొయ్యవే, కుచ్చు దానంతటదే పడుతుంది" అంది. 4 అంగుళాల చక్రం కోసి, మధ్యలో ఒకటిన్నర అంగుళాల రంధ్రం తీసి, ఒక చోట గాటు పెట్టి విప్పాను. బయటి అంచు పన్నెండున్నర అంగుళాలు, లోపలి అంచు ఐదు కూడా ఉండదు. గుండు తగలకముందే సగం కుచ్చు వచ్చేసింది! 8 అంగుళాల కేక్ చుట్టూ ఒక వరసకు ఇలాంటివి ఆరు సరిపోతాయి. కింది వరస ముందు అంటించి పైకి వెళ్తే, ప్రతి అతుకూ పై వరస కింద దాక్కుంటుంది.

మన ఊరి వాతావరణం మాత్రం ఈ పనికి పెద్ద పరీక్ష. ఏప్రిల్, మేలలో అంచు నిమిషాల్లో ఎండి పగులుతుంది. చక్రాలన్నీ ఒకేసారి కోయకుండా, కోసినవాటి మీద ప్లాస్టిక్ షీట్ కప్పి ఉంచుతాను. వానాకాలంలో ఉల్టా, లేచిన అల వాలిపోతుంది. అప్పుడు పావుకిలో ఫాండెంట్‌కు అర టీస్పూన్ సీఎంసీ పొడి (ఫాండెంట్‌ను గట్టిపరిచే, తినదగిన పొడి) కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచితే నిలబడుతుంది.

ఒక ఆగస్టులో హాఫ్ శారీ ఫంక్షన్‌కి లంగా అంచు రంగులో మూడు వరసల కేక్ చేశాను. టెన్షన్‌తో ఫ్రిజ్‌లో పెట్టి, తీసీ తీయగానే కూకట్‌పల్లి నుంచి ఉప్పల్‌కి కారులో తీసుకెళ్ళాను. చల్లటి కేక్‌కు తేమగాలి తగిలి చెమట పట్టింది, కింది వరస పూర్తిగా జారిపోయింది. ఆ పాప వాళ్ళమ్మ "పర్లేదమ్మా, బాగానే ఉంది" అన్నారు గానీ, నాకు ఆ రోజు అన్నం దిగలేదు. అప్పటినుంచి ఫాండెంట్ లోపల గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన చిక్కటి పూత) వేస్తాను, ఫ్రిల్స్ పెట్టాక కేక్‌ను ఏసీ గదిలోనే ఉంచుతాను. ఫ్రెష్ క్రీమ్ మీద ఫాండెంట్ అడిగితే ఒప్పుకోను, ఆ తడికి కరిగిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. ఫోమ్ ప్యాడ్ ఏడాదిన్నరకే గుంటలు పడింది, ఇప్పుడున్నది మూడోది. టూల్‌కు చెక్క పిడి ఉండటంతో నీళ్ళలో నానబెడితే పట్టు వదులవుతుంది, తడిబట్టతో తుడిస్తే చాలు.

సిలికాన్ మౌల్డ్‌తో పని త్వరగా అవుతుంది, కప్‌కేక్‌లకు నేనూ వాడతాను. కేక్ బోర్డర్‌కి మాత్రం అన్ని అలలూ ఒకేలా, బరువుగా ఉండి, గుడ్డలాంటి ఆ తేలికదనం రాదు.

కొనేటప్పుడు గుండు చుట్టూ ఒకసారి గోటితో గీసి చూడండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే, అది పక్కన పెట్టి ఇంకోటి అడగండి.