రెండు చిప్పల బుడగ: మూడేళ్ల తర్వాత 1/48 బెల్ 47జి కిట్

ఇది బెల్ 47జి హెలికాప్టర్‌ను 48వ వంతు సైజులో కట్టుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్. ఇందులో ఎన్ని ముక్కలు, ఎన్ని రకాల డీకాల్స్ (అంటించే గుర్తుల బొమ్మలు) ఉన్నాయో పెట్టె మీదే ఉంటుంది కాబట్టి ఆ వివరాల్లోకి వెళ్లను. నా పేచీ అంతా ముందున్న బుడగతోనే, అంటే పైలట్ కూర్చునే చోటును కప్పే పారదర్శక గుల్లతోనే. అసలు హెలికాప్టర్‌కు అది అతుకు లేని ఒకే గుల్ల. కిట్‌లో మాత్రం కుడి ఎడమ చిప్పలుగా వస్తుంది, ఆ అతుకు సరిగ్గా పైలట్ ముక్కుకు ఎదురుగా దిగుతుంది. మామూలు విమానం మోడల్‌లో కనోపీ (పైలట్ మీది పారదర్శక మూత) చిన్న భాగం. బెల్ 47లో కంటికి ముందు కనబడేదే అది. అది మసకబారితే వెనక ఇంజిన్‌కు ఎన్ని తీగలు చుట్టినా ఎవరూ చూడరు.

మొదటి కిట్‌లో చిప్పలను సూపర్ గ్లూతో అతికించాను. అతికించిన గంటలోపే రుద్దడం మొదలుపెట్టాలి. ఒక రోజు ఆగితే సూపర్ గ్లూ పక్కనున్న స్టైరీన్ (కిట్ ముక్కల ప్లాస్టిక్) కంటే గట్టిపడుతుంది, గరుకు కాగితం మెత్తటి స్టైరీన్‌ను తినేసి అతుకును గట్టులా మిగులుస్తుంది. తడిపిన 800 గ్రిట్ గరుకు కాగితంతో (అంకె పెరిగే కొద్దీ నునుపు) మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 మీదుగా పాలిష్ పేస్ట్ దాకా వెళ్లాను. ఒక్కో గ్రిట్‌కు రుద్దే దిశ మార్చాలి. ముందు గ్రిట్ గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది అందుకోవాలి. అతుకు మాయమైంది. ఈ కిట్ అద్భుతమని అప్పట్లో అడిగిన వాళ్లందరికీ చెప్పాను.

పది రోజుల తర్వాత బుడగ లోపలి వైపు పాలు చిలికినట్టు తెల్లటి పొర కట్టింది. తప్పు అతుకుది కాదు. లోపల మీటర్ల స్తంభాన్ని, సీటును కూడా సూపర్ గ్లూతోనే పెట్టి, రెండు తలుపులూ మూసేశాను. సూపర్ గ్లూ ఆవిరి గాలిలోని తేమతో కలిసి దగ్గరున్న ఉపరితలం మీద తెల్లగా పేరుకుంటుంది. పలచగా రాసిన చోట త్వరగా ఆరిపోతుంది. స్తంభం అడుగున ముద్దగా పడిన చుక్క మాత్రం రోజుల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. తలుపులు మూసిన బుడగలో ఆ ఆవిరికి పోయే దారి లేదు.

బుడగను ఫ్రేముకు నీటితో వదిలే తెల్ల జిగురుతో పెట్టడం ఒక్కటే కాపాడింది. అంచు పొడవునా గోరువెచ్చని నీటి చుక్కలు వేసి, ఇరవై నిమిషాలు ఆగి, పలచటి బ్లేడు జారిస్తే ఊడివచ్చింది. లోపలి తెల్లపొర దూది పుల్ల, పాలిష్ పేస్ట్‌తో పోయింది. ఆ తర్వాత నేలకు పూసే అక్రిలిక్ పాలిష్‌లో ముంచి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఒక రోజు ఆరనిచ్చాను. మెరుపు తిరిగి వచ్చింది. కానీ కింది మూలలో సన్నటి పగులు బయటపడింది, సరిగ్గా స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కటింగ్ ప్లయర్‌తో కత్తిరించిన చోట. పారదర్శక స్టైరీన్ పెళుసు. ప్లయర్ నొక్కుడుకు లోపల కంటికి కనబడని ఒత్తిడి మిగిలిపోతుంది, తర్వాత చిన్న కదలికకో, సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే మోడల్ జిగురు) తగిలితేనో విచ్చుకుంటుంది. ఈ ముక్కలను సన్నటి రంపంతో మూడు మిల్లీమీటర్ల దూరంలో కోసి, మిగిలింది రుద్దుకోవాలి.

రెండో కిట్‌కు చిప్పలను బయట టేపుతో బిగించి, లోపలి నుంచి యూవీ రెసిన్‌ను (అతినీలలోహిత వెలుతురుకు గట్టిపడే జిగురు) సూది మొనతో చుక్కలుగా పెట్టి, ఒక్కో చుక్కకు అర నిమిషం ఆ వెలుతురు చూపించాను. ఒకేసారి పోస్తే వేడెక్కి, కుదించుకుని అతుకును లాగేస్తుంది. తెల్లపొర భయం లేదు, రుద్దడమూ తేలిక. ఇదే సరైన పద్ధతి అని గట్టిగానే చెప్పాను. ఏడాదిన్నర తర్వాత చూస్తే, తెల్ల కాగితం ముందు పెట్టినప్పుడు అతుకు వెంట లేత పసుపు గీత కనబడుతోంది. గదిలో మామూలుగా కనబడదు. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టేవాళ్లు ఆలోచించుకోవాలి.

ఈసారి తలుపులు పెట్టనే లేదు. పొలాలకు మందు చల్లే బెల్ 47లు తలుపులు తీసేసి ఎగిరేవి కాబట్టి అది తప్పేమీ కాదు, పైగా లోపలి గాలి ఆడుతుంది. బదులుగా దుమ్ము చేరుతుంది. రెండు వారాలకోసారి గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊదాలి, గుడ్డ ముట్టించకూడదు.

తోక జాలీ (కడ్డీలతో అల్లిన తోక చట్రం) గురించి రెండు మాటలు. కడ్డీల మీది అచ్చు గీతలను ఆకురాయితో రాస్తే కడ్డీ విరుగుతుంది. బ్లేడును నిలువుగా పట్టి గీకాలి. మూడు వైపులనూ డ్రై ఫిట్ చేసి (జిగురు లేకుండా అమర్చి చూసి), తోక రోటర్ షాఫ్ట్ వంకర పోకుండా కూర్చుంటేనే సిమెంట్ తాకించాలి. ఒక్క వైపు కొద్దిగా పక్కకు ఒరిగినా షాఫ్ట్ చివర్లో బాగా తేడా వస్తుంది.

రోటర్ వ్యాసం ఈ స్కేల్‌లో 47జి రకాన్ని బట్టి దాదాపు 22 నుంచి 23.5 సెంటీమీటర్లు. మూడేళ్లలో నా మొదటి మోడల్ బ్లేడ్లు కిందికి వాలాయి, స్కిడ్ల (చక్రాలకు బదులు నేల మీద ఆనే కడ్డీల) అడ్డ గొట్టాలు కొద్దిగా పరుచుకున్నాయి. రెండోదానికి అడ్డ గొట్టాల స్థానంలో ఇత్తడి కడ్డీ వంచి పెట్టాను, కదలలేదు. రోటర్‌ను మాస్ట్‌కు (దాన్ని మోసే నిలువు కడ్డీకి) అంటించకుండా వదిలేసి, భద్రపరిచేటప్పుడు తీసి విడిగా చదునుగా ఉంచుతున్నాను.

మూడోది కొంటానా? వారానికి రెండు మూడు గంటలు రుద్దడానికే కేటాయించగలిగిన నా పరిస్థితిలో, కొంటాననే అంటాను, అదీ తలుపులు లేకుండా కట్టేందుకే. తలుపులు మూసిన కాబిన్ కావాలనుకుంటే లోపల సూపర్ గ్లూ చుక్క కూడా వాడకుండా కట్టగలనన్న నమ్మకం నాకింకా రాలేదు.