పోర్ట్ తెరవకుండానే ఇంటి సైట్ బయటికి: కడపలో క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ వాడాక

ఇంట్లోని కంప్యూటర్‌లో నడిచే సైట్‌ను క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ సర్వర్ల మీదుగా బయటివాళ్లకు చూపించే సదుపాయం క్లౌడ్‌ఫ్లేర్ టనెల్. దాన్ని ఇన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నది ఒకే ఒక్క కారణానికి. కనెక్షన్ మా ఇంట్లోంచి బయటికి వెళుతుంది, బయటివాళ్లు లోపలికి రావాల్సిన పని లేదు. ఇన్‌స్టాల్ చేయడం, డొమైన్ కలపడం నేర్పే వీడియోలు బోలెడున్నాయి, ఆ జోలికి పోను. ఈ ఒక్క గుణం కడపలాంటి ఊళ్లో ఎంతవరకు ఆదుకుంటుందో, ఎక్కడ సరిపోదో మాత్రం రాస్తాను.

మా సైట్ శాసనాల ఫోటోలది. కొందరు మిత్రులం సెలవు రోజుల్లో జిల్లా తిరిగి తీస్తుంటాం. తెలుగులో తొలి శాసనంగా చెప్పుకునే కలమళ్ల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, మా జిల్లాదే. రాళ్లు గుడి ఆవరణల్లో ఉంటాయి, పొలం గట్ల మీద ఉంటాయి. అరిగిపోయిన అక్షరం ఒక వెలుతురులో కనపడకపోతే ఇంకో వెలుతురులో కనపడుతుంది కాబట్టి ఒక్కో రాయికి పదుల ఫోటోలు తీస్తాం. చిన్నవి చేసి పెడితే ఎవరికీ ఉపయోగం లేదు, గీత గీత కనపడాలి. అంత జాగా బయట అద్దెకు తీసుకుని నెలనెలా కట్టే స్తోమత మాకు లేదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే ఒక బుల్లి కంప్యూటర్, దానికో పెద్ద హార్డ్ డిస్క్, కరెంటు పోతే ఇన్వర్టర్. సర్వర్ అంటే ఇంతే.

సైట్ ఇంట్లో బాగానే తెరుచుకునేది. వీధి దాటితే లేదు. బయటి నుంచి వచ్చే రిక్వెస్టును లోపలి కంప్యూటర్‌కు పంపేలా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా ఫలితం లేదు. రౌటర్ పేజీలో వాన్ అడ్రసు, అంటే ఆపరేటర్ మా రౌటర్‌కు ఇచ్చిన ఐపీ నంబరు, చూస్తే 100.70తో మొదలవుతోంది, బయట ఐపీ చూపించే సైట్లలో వేరే నంబరు వస్తోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులను 2012లో ప్రత్యేకంగా ఇందుకోసమే పక్కన పెట్టారు: ఒకే పబ్లిక్ ఐపీని ఆపరేటర్ ఎంతోమంది కస్టమర్లకు కలిపి ఇవ్వడానికి. ఈ పద్ధతిని సీజీనాట్ అంటారు. ఐపీవీ4 అనే పాత తరహా అడ్రసులు మొత్తం 430 కోట్లకు మించవు, మన ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబరు రాయని ఉత్తరంలా, బయటి నుంచి వచ్చే రిక్వెస్టు ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. మారే ఐపీకి డొమైన్ పేరును ఎప్పటికప్పుడు కలిపే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకున్నా లాభం లేదు, ఆ అడ్రసు మనది కాదు కదా. మా ఏరియా ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ, అంటే మాకే సొంతంగా ఉండే మారని అడ్రసు, అడిగితే, “బిజినెస్ ప్లాన్‌కే ఇస్తాం సార్, ఇళ్లకు ఇవ్వం” అన్నారు.

టనెల్ ఇక్కడే అక్కరకొచ్చింది. రాస్ప్‌బెర్రీ పైలో నడిచే చిన్న ప్రోగ్రామ్ తనే బయటికి వెళ్లి క్లౌడ్‌ఫ్లేర్‌తో నాలుగు కనెక్షన్లు తెరుచుకుంటుంది, అదీ కనీసం రెండు డేటా సెంటర్లతో. చూసేవాళ్లు అడిగిన పేజీలు ఆ దారినే మా ఇంటికొచ్చి ఆ దారినే వెళతాయి. ఆ ప్రోగ్రామ్ రాసుకునే లాగ్‌లో ఒక్కో కనెక్షన్ పక్కన ఊరి కోడ్ ఉంటుంది, మాకు ఎక్కువగా ఎం ఏ ఏ, అంటే చెన్నై. మొదటిసారి ఆ నాలుగు లైన్లు వరసగా పడటం చూసిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. రౌటర్‌లో ఏదీ తెరవలేదు, ఆపరేటర్‌ను బతిమాలలేదు. 2021 నుంచి ఇది ఉచితం కూడా. డొమైన్ పేరుకు ఏడాదికి వెయ్యి లోపు కడుతున్నాం, అంతే.

అయితే దీని అసలు విలువ తెలిసింది జేసీబీ వల్ల. మా వీధిలో డ్రైనేజీ కోసం తవ్వుతూ ఫైబర్ తెంపేశారు. ఒక్క ఇంటికి కాదు, వీధి మొత్తానికి. ఆపరేటర్ మనిషి వచ్చి చూసి, కాలువ పని అయ్యాకే జాయింట్ వేస్తాం, మళ్లీ తెగితే దండగ అని వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి మా ఫోటోలు చూస్తూ తన అధ్యాయం ముగిస్తోంది. ఒక పేరులోని అక్షరం మామూలు రేఫమా (ర), శకటరేఫమా (ఱ) అన్నది ఆమెకు తేలాలి. వేర్వేరు వెలుతురుల్లో తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప తేలదు. గైడ్‌కు ఇవ్వాల్సిన గడువు దగ్గరికొచ్చింది. “అన్నా, సైట్ తెరుచుకోవట్లేదు” అని ఫోన్ చేసింది, గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది.

నా మొబైల్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, రాస్ప్‌బెర్రీ పైని ఆ వైఫైకి కలిపాను. అంతకు మించి ఏమీ చేయలేదు. డీఎన్ఎస్ ముట్టుకోలేదు, సెట్టింగ్ ఒక్కటి మార్చలేదు. టీ కలుపుకుని వచ్చేసరికి లాగ్‌లో నాలుగు కనెక్షన్లూ మళ్లీ పడి ఉన్నాయి, ఆ అమ్మాయి నుంచి “వచ్చేసిందన్నా” అని మెసేజ్ కూడా ఉంది. ఆలోచిస్తే వింతేమీ లేదు. లోపలి నుంచి బయటికి దారి ఉంటే చాలు, అది ఫైబరైనా మొబైలైనా ఎవరి నెట్ అయినా దానికి ఒకటే. అడ్రసు మారిందా లేదా అన్న ప్రశ్నే రాదు. అదే స్టాటిక్ ఐపీ కొనుక్కుని ఉంటే, ఆ ఐపీ తెగిన ఫైబర్‌తోపాటే పోయి ఉండేది. మొబైల్ ప్లాన్‌లో డేటా రోజుకు రెండు జీబీలే కనుక ఆమెకు కావలసిన రాయి తప్ప మిగతా పెద్ద ఫోటోలు ఫైబర్ వచ్చేదాకా ఆపి ఉంచాను. ఆమె అధ్యాయం గడువులోపే వెళ్లింది. అది శకటరేఫమే.

ఆ తర్వాత చాలాకాలం ఎవరు అడిగినా కళ్లు మూసుకుని టనెల్ పెట్టుకోమనేవాణ్ణి. ఇప్పుడు నెట్ ఎవరిదని అడిగి మరీ చెబుతున్నాను. కారణం ఒక వేసవి సాయంత్రాలు. క్రికెట్ మ్యాచ్ మొదలయ్యే వేళకు మా సైట్ వస్తూ పోతూ ఉండేది. మా బృందంలో పెద్దాయన, రిటైర్డ్ తెలుగు సారు, “ఏమబ్బీ, సైటు రావడంల్యా” అని ఫోన్ చేసేసరికి మళ్లీ వచ్చేది. లాగ్‌లో “టైమవుట్, నో రీసెంట్ నెట్‌వర్క్ యాక్టివిటీ” అన్న లైన్ పదేపదే కనిపించింది. టనెల్ మామూలుగా క్విక్ అనే ప్రోటోకాల్ వాడుతుంది, అది నడిచేది యూడీపీ మీద. ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతుల్లో అదొకటి, టీసీపీ ఇంకొకటి. వీధంతా ఒకేసారి వీడియోకు ఎక్కిన వేళ ఆపరేటర్ లైన్‌లో యూడీపీ ప్యాకెట్లు చేరడం లేదు, టీసీపీ మాత్రం నిలుస్తోంది. కాన్ఫిగ్‌లో ప్రోటోకాల్‌ను హెచ్‌టీటీపీ2కి మార్చాను, అది టీసీపీ మీద నడుస్తుంది. ఆ సాయంత్రం నుంచి సైట్ నిలబడింది. ఆపరేటర్‌కు చెబితే “స్పీడ్ టెస్ట్ బాగానే వస్తోంది కదా సార్” అన్నారు. వాళ్లకు స్పీడే లెక్క, నాకు నిలకడ లెక్క. బయటికి వెళ్లే దారే బాగుండకపోతే టనెల్ మాత్రం ఏం చేస్తుంది.

ఇంతకంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది వేరే ఉంది. చూసేవాళ్ల బ్రౌజర్ నుంచి వచ్చే ఎన్‌క్రిప్షన్ మా ఇంటిదాకా రాదు, క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరే విప్పి, మళ్లీ కట్టి పంపుతారు. అంటే మధ్యలో ఉన్నవాళ్లకు పేజీ కనపడుతుంది. ఫోటోలు ఊరందరికీ చూపించేవే కాబట్టి ఫరవాలేదు. కానీ ప్రతి రాయి ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా మా దగ్గర రాసి ఉంది. రాయలసీమలో శాసనం రాయి కనపడితే కింద గుప్తనిధి ఉందని తవ్వేసేవాళ్లకు కొదవ లేదు. రాయిని పగలగొట్టిన చోట్లూ చూశాను, కడుపు తరుక్కుపోతుంది. అందుకని ఆ వివరాలను టనెల్ మీద పెట్టడం లేదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో, మా బృందం వాళ్ల ఫోన్లు, కంప్యూటర్లకు మాత్రమే తెరుచుకునేలా వేరుగా పెట్టాను. దానికి చిన్న వీపీఎస్ (బయటి కంపెనీ సర్వర్‌లో కొంత భాగం) ఒకటి అద్దెకు తీసుకున్నాం. ఇంటి వైపు సీజీనాట్ ఉంది కాబట్టి అక్కడ కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టాలి, అంటే 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్ వెళ్లాలి, లేకపోతే కాసేపటికే దారి మూసుకుపోతుంది. పని ఎక్కువే, కానీ తాళం చెవులు మా చేతుల్లోనే ఉన్నాయి.

చూసేవాళ్లకు కాదు గానీ ఎక్కించేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఉచిత ప్లాన్‌లో ఒక్క రిక్వెస్టుకు 100 ఎంబీ మించి అప్‌లోడ్ కాదు. జమ్మలమడుగు మిత్రుడు పంపే పెద్ద టిఫ్ ఫైళ్లు అక్కడే ఆగిపోతాయి, అవి కూడా వైర్‌గార్డ్ దారిలోనే వస్తున్నాయి. 2025 నవంబర్ 18న క్లౌడ్‌ఫ్లేర్‌లోనే లోపం వచ్చి ప్రపంచమంతా సైట్లు ఆగిన సంగతి తెలిసిందే. అలాంటి రోజు ఇంట్లో కరెంటు, నెట్, రాస్ప్‌బెర్రీ పై అన్నీ బాగున్నా మనం చేయగలిగింది లేదు. శాసనాల సైట్‌కు ఒక పూట ఆగితే కొంప మునగదు, దుకాణం నడిపేవాళ్ల సంగతి వేరు.

మీ ఆపరేటర్ పబ్లిక్ ఐపీ ఇస్తుంటే, రౌటర్ నిర్వహించే ఓపిక ఉంటే, టనెల్ అవసరం మీకు అంతగా ఉండకపోవచ్చు. ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రసు ఉన్నవాళ్లు నేరుగా పెట్టుకోవచ్చు, కాకపోతే ఐపీవీ6 లేని నెట్ నుంచి చూసేవాళ్లకు ఆ సైట్ తెరుచుకోదు. మాది సీజీనాట్ లైన్, అందరూ చూడాల్సిన ఫోటోలు, తక్కువ డబ్బు, ఇంట్లో ఇన్వర్టర్. ఈ పరిస్థితిలో నాకింతకంటే మంచి దారి దొరకలేదు కాబట్టి ఫోటోల వరకు టనెల్‌లోనే ఉంచుతున్నాను. పెట్టుకునేవాళ్లు మొదటి వారం సాయంత్రం పూట లాగ్ తెరిచి చూడండి. టైమవుట్‌లు కనపడితే హెచ్‌టీటీపీ2కి మార్చి చూశాకే ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.