మ్యాట్రిమొనీ యాప్ రివ్యూ: నాన్న ఫిల్టర్లు వేరు, చెల్లి ఫిల్టర్లు వేరు

చెల్లి కోసం నాన్న ఒక మ్యాట్రిమొనీ యాప్‌లో ప్రీమియం తీసుకున్నారు, పేరు వద్దులెండి, యాప్ బానే ఉంది, ఫొటోలు తొందరగానే లోడవుతాయి, కస్టమర్ కేర్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. గొడవంతా ఫిల్టర్ల దగ్గరే. నాన్న కులం, శాఖ, గోత్రం, నక్షత్రం అన్నీ నింపేసి ‘ఇప్పుడు చూడమ్మా’ అని ఫోన్ ఇస్తారు, అదేమో ‘కులం పట్టింపు లేదు’ మీద టిక్ కొట్టి తిరిగిచ్చేస్తుంది, రాత్రికి ఆయన మళ్లీ తీసేస్తారు. తమాషా ఏంటంటే ఈయన 1983 ఎన్నికలప్పుడు అన్నగారు ఎన్టీఆర్ మీటింగులకి లారీలెక్కి వెళ్లిన మనిషి, ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఇచ్చిన 1986 చట్టం గురించి ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఆస్తి ఓకే అంట, అల్లుడు మాత్రం మనోడే కావాలంట!

చెల్లికి ఏ పార్టీ మీదా అంత పిచ్చి లేదు, దానికి కావాల్సిందల్లా అబ్బాయికి వంటొచ్చా, పెళ్లయ్యాక జాబ్ మానెయ్యమంటాడా అనేది, ఆ ఫిల్టరే ఇందులో లేదు. అందుకే 3 స్టార్లు. ప్రొఫైల్ ఎవరు పెట్టారో కూడా యాప్ చూపిస్తుంది, ‘తల్లిదండ్రులు’ అనుంటే చెల్లి తెరవదు, ‘స్వయంగా’ అనుంటే నాన్న తెరవరు. ఒకే లాగిన్ ఇద్దరూ వాడేట్లయితే 3 నెలల ప్లాన్ చాలు, ఏడాదిది దండగ.