జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపు: పెన్షనర్లకు ఎంత పనికొస్తుంది?

పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఇచ్చే సేవ జీవన్ ప్రమాణ్. వయసు పైబడ్డాక వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టుకోదు. 2021లో వచ్చిన ముఖ గుర్తింపు ఆ ఇబ్బంది చాలావరకు తీర్చింది. సేవ మంచిదే, కానీ ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు తోడు కావాలి. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, ముఖాన్ని ఆధార్‌తో సరిపోల్చే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఉండాలి. ముందు ఆపరేటర్ (ఫోన్‌లో ఈ పని చేసిపెట్టేవారు) ముఖం, తర్వాత పెన్షనరు ముఖం స్కాన్ చేయాలి. వెలుతురు ఎదుటి నుంచి పడాలి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడి ఫెయిలవుతుంది. కళ్లద్దాలు తీసి, నెమ్మదిగా రెప్ప వేయమనండి. కంగారుపెట్టకండి.

సర్టిఫికెట్ నంబరైన ప్రమాణ్ ఐడీ రాగానే పని అయిపోయిందనుకోవద్దు. పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరో, పెన్షన్ ఇచ్చే బ్యాంకు పేరో తప్పు పడితే సర్టిఫికెట్ తిరస్కరిస్తారు, పెన్షన్ ఆగిపోతుంది. జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లో స్టేటస్ తప్పక చూడండి. మంచం దిగలేనివాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు, రుసుము సాధారణంగా 70 రూపాయలు. 80 ఏళ్లు దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అందరిలా నవంబరు దాకా ఆగక్కర్లేదు, సర్టిఫికెట్‌ను అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.