ఫ్లేమ్‌షాట్‌తో నాలుగేళ్లు: తెర మీది బొమ్మ నుంచి తెలుగు అక్షరం దాకా

కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ కోసం ప్రాక్టికల్ నోట్సు తయారుచేస్తుంటాను. పేజీకి మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు పడతాయి. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్, అందులో లైనక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్. మొదట్లో బొమ్మ సేవ్ చేసి, బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రామ్‌లో తెరిచి, కత్తిరించి, మళ్లీ సేవ్ చేసేదాన్ని. గింప్‌లో బాణం గుర్తుకు విడిగా టూల్ లేదు, గీతలు కలుపుకుంటూ గీయాలి. ఒక్కో బొమ్మకి అయిదు నిమిషాలు పోయేవి.

ఇప్పుడు ప్రింట్ స్క్రీన్ మీటకి ఫ్లేమ్‌షాట్ అనే స్క్రీన్‌షాట్ ప్రోగ్రామ్‌ను షార్ట్‌కట్‌గా పెట్టుకున్నాను. మీట నొక్కి, కావలసిన ముక్కను మౌస్‌తో ఎంచుకుంటే చుట్టూ గుండ్రటి బటన్లు వస్తాయి. బాణం, గడి, హైలైటర్ అన్నీ అక్కడే. కంట్రోల్ సీ కొట్టి లిబ్రేఆఫీస్‌లో పేస్ట్ చేస్తే సరి, మధ్యలో ఫైలే ఉండదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అంకెల బుడగ. క్లిక్ చేసిన చోటల్లా 1, 2, 3 అని వరసగా పడతాయి. బొమ్మ మీద అంకెలే ఉంచి, వివరణ కింద తెలుగులో రాస్తాను. రేపు ఆ సాఫ్ట్‌వేర్ రూపం మారినా బొమ్మ ఒక్కటి మారిస్తే చాలు, రాసిన పాఠం చెడిపోదు.

తెరిచి ఉన్న మెనూని ఫొటో తీయడం మాత్రం మొదట్లో చాలా విసిగించింది. మెనూ తెరిచి ఉంటే కీబోర్డు దాని చేతిలోనే ఉంటుంది, షార్ట్‌కట్ పనిచేయదు. అందుకోసం ఫ్లేమ్‌షాట్‌లో డిలే (ఆలస్యం) ఆప్షన్ ఉంది. లెక్క మిల్లీసెకన్లలో కాబట్టి 3000 అంటే మూడు సెకన్లు. టెర్మినల్‌లో కమాండ్ ఇచ్చి, ఆ లోపల మెనూ తెరుచుకుంటే సరిపోతుంది.

ఇక పాత తెలుగు పీడీఎఫ్‌ల సంగతి. యూనికోడ్ (అక్షరాలకు అందరూ వాడే ఒకే కోడ్) రాకముందు డీటీపీ ఫాంట్లలో కట్టిన పుస్తకంలోంచి ఒక పేరా కాపీ చేస్తే ఏవో అర్థం లేని గుర్తులు వస్తాయి. కంటికి తెలుగే కనిపిస్తుంది, కంప్యూటర్‌కి కాదు. అందుకని ఆ పేరాను తెర మీద ఫొటో తీసి, ఫైలు చేయకుండా పైప్ (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకో కమాండ్‌కి అందించే పద్ధతి) ద్వారా నేరుగా టెస్సరాక్ట్‌కి, అంటే బొమ్మలోని అక్షరాలను చదివే ప్రోగ్రామ్‌కి, పంపుతాను. దాని తెలుగు ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. చిన్న అక్షరాలైతే ఒత్తులు, గుడులు తప్పుగా చదువుతుంది. మధ్యలో ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల సైజు మార్చే ప్రోగ్రామ్‌తో బొమ్మను మూడింతలు పెంచితే తప్పులు బాగా తగ్గాయి. అసలు పీడీఎఫ్‌ని ముందే జూమ్ చేసి తీస్తే ఇంకా మేలు. ఒకసారి చదివి దిద్దుకోవడం తప్పదు, కానీ పేరా అంతా టైపు చేసే శ్రమ తప్పింది.

ఇమేజ్‌మ్యాజిక్‌తో ఒక జాగ్రత్త. అందులో మోగ్రిఫై కమాండ్ అసలు ఫైలునే మార్చేస్తుంది. ఫోల్డర్‌లోని బొమ్మలన్నీ ఒకేసారి సగానికి తగ్గించబోయి ఒక సెమిస్టర్ ఒరిజినల్స్ పోగొట్టుకున్నాను. ఇప్పుడు ముందు కాపీ తీసి, ఆ కాపీ మీదే నడుపుతాను.

మార్కుల జాబితాల్లో పేర్లు, ఫోన్ నంబర్లు దాచడానికి పిక్సలేట్ (గడులు గడులుగా మసక చేసే టూల్) వాడకండి. మసక చేసిన అక్షరాలను తిరిగి రాబట్టే పద్ధతులు ఉన్నాయి. నిండు రంగు గడి పెట్టండి, అది కూడా సేవ్ చేయకముందే. అలాగే అక్షరాలున్న బొమ్మను పీఎన్‌జీగానే ఉంచండి, జేపీజీ అక్షరాల అంచులను చెరిపేస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టత పోదు.

వేలాండ్ (లైనక్స్‌లో తెరను నడిపే కొత్త వ్యవస్థ) మీద నడిచే డెస్క్‌టాప్ మీ దగ్గర ఉంటే ఇదంతా ఇంత సాఫీగా సాగకపోవచ్చు. అక్కడ ఒక ప్రోగ్రామ్ తెరనంతా తనంతట తాను చూడటానికి వీల్లేదు, అనుమతి అడగాలి. భద్రత కోసం అది సరైన పద్ధతే. నా మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ ఇంకా ఎక్స్ అనే పాత వ్యవస్థ మీదే నడుస్తోంది కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి 42వ వెర్షన్ నుంచి సొంత స్క్రీన్‌షాట్ టూల్ ఉంది, కేడీఈ డెస్క్‌టాప్‌లో స్పెక్టకిల్ ఉంది. స్పెక్టకిల్‌లో బాణాలు, అంకెలు కూడా పెట్టుకోవచ్చు కాబట్టి కేడీఈ వాళ్లు ముందు దాన్నే వాడి చూడండి.